లివరు పక్కన బొట్టు

పద్దెనిమిదేళ్లు చేసిన పని గురించి రాయడం సులభమే అనుకుని కూర్చున్నాను. నాలుగు రోజులైనా పేజీ నిండలేదు. నాకు బాగా తెలుసనుకున్న సంగతి ఒకటి రాయడం, దాని కింద ‘నిజమేనా?’ అని నేనే రాసుకోవడం, ఇదే సరిపోయింది. హిందూపురం వర్క్‌షాపులో ఈమధ్య చేరిన పిల్లలు ఇంటికొచ్చి అడిగారు కాబట్టి వదిలిపెట్టలేకపోయాను. ఏ వైరు ఏ పిన్నుకు పోతుందో వాళ్లకు చెప్పనక్కరలేదు, అది పుస్తకంలో ఉంది. పని ఎలా ఉంటుందో చెప్పమన్నారు. చాలా భాగం అయోమయంగా ఉంటుంది నాయనలారా. ఆ అయోమయాన్ని దాచిపెట్టి మిగతాది రాస్తే మీకు ఒరిగేదేమీ లేదు.

నేను ఎప్పుడు సీనియర్ టెక్నీషియన్ అయ్యానో, చివరిరోజున శాలువా ఎవరు కప్పారో రాయను. ఒక తప్పు గురించి రాస్తాను. అది ధర్మవరంలో పుట్టి, పెనుకొండలో పెరిగి, రొద్దంలో ఒక ఇంటి గడప దాకా పోయింది.

మనం చేసే పని

విమానం నడపడం నేర్చుకునేవాళ్లు నేల మీదే కూర్చుని సాధన చేసే యంత్రం సిమ్యులేటర్. ముందర తెర, కింద కుర్చీ, చేతి దగ్గర థ్రాటిల్ లివరు. లివరు ముందుకు తోస్తే ఇంజను బలం పెరుగుతుంది, వెనక్కి లాగితే తగ్గుతుంది. ఇంతవరకు ట్రాక్టరు తోలేవాడికి కూడా చెప్పనక్కరలేదు.

ఆటోథ్రాటిల్ దగ్గరే చిక్కంతా. అది వేస్తే, వేగం ఎంత ఉండాలో మనం చెప్తే చాలు, ఇంజనుకు ఎంత బలం కావాలో కంప్యూటరే చూసుకుంటుంది. ఒక రకం విమానాల్లో అలా చూసుకునేటప్పుడు లివరు కూడా దానంతట అదే ముందుకూ వెనక్కూ కదులుతూ ఉంటుంది, లోపల మోటారు ఉంటుంది. ఇంకో రకం విమానాల్లో లివరును ఒక గాడిలో పెట్టి వదిలేస్తారు. ఇంజను పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కానీ లివరు ఉన్నచోటనే ఉంటుంది. మన వర్క్‌షాపు లివర్లకు మోటారు లేదు, కాబట్టి అవి ఏ విమానానికి పెట్టినా కదలవు. ఆటోథ్రాటిల్ నడుస్తున్నంతసేపు లివరు ఒకచోట, ఇంజను బలం ఇంకోచోట. ఆటోథ్రాటిల్ తీసేసిన మరుక్షణం ఇంజను బలం ఎగిరి లివరు ఉన్నచోటికి వచ్చి పడుతుంది. ఆ ఎగరడాన్ని ఎలా ఆపాలన్నదే మన ఉద్యోగం.

ఇప్పుడు చెప్తున్నంత తేటగా నాకు మొదట్లో తెలియదు. అంతకుముందు హిందూపురం బజారులో మిక్సీలు, స్టెబిలైజర్లు బాగుచేసేవాణ్ణి. చేరిన మొదటి వారంలో ఒక లివరు బిగించి ఆటోథ్రాటిల్ వేసి చూడమన్నారు. వేశాను. ఇంజను చప్పుడు పెరిగింది, లివరు కదల్లేదు. వైరు ఊడిందనుకుని విప్పాను. బాగానే ఉంది. బిగించాను. మళ్లీ అంతే. మళ్లీ విప్పాను. ఇలా రెండు రోజులు.

పక్క గదిలోనే బెంగళూరు నుంచి వచ్చిన ఇంజనీరు టీ తాగుతూ కూర్చున్నాడు. ‘సార్, ఈ లివరు దానంతట అది కదలాల్నా, కదలకూడదా?’ అన్న ప్రశ్న నా నోటి దాకా వచ్చింది. ఇంత మాత్రం తెలియనివాణ్ణి ఎందుకు పెట్టుకున్నారు అంటారేమోనని మింగేశాను. మూడోరోజు ఆయనే నా బల్ల పక్కగా పోతూ, విప్పి పరిచిన ముక్కలు చూసి, ఎందుకు విప్పావు, అది అలాగే ఉంటుంది, కదలదు అన్నాడు. నేను తడుముకోకుండా, లోపల ఎలా ఉంటుందో చూద్దామని ఊరికే విప్పాను అన్నాను. ఆయన మెచ్చుకుని వెళ్లాడు. నా ఉద్యోగంలో నాకు దక్కిన మొదటి మెప్పు అదే, అదీ అబద్ధానికి దక్కింది.

ధర్మవరం అమావాస్యలు

ధర్మవరంలో నాగరాజప్ప అని పట్టుచీరల ఆసామి ఉన్నాడు. కింద ఎనిమిది మరమగ్గాలు, పైన మేడ మీద గదిలో సొంత సరదాకు పెట్టుకున్న సిమ్యులేటర్. చీరల్లో మునిగి తేలే మనిషికి విమానాల పిచ్చి ఎలా పట్టిందో నేను అడగలేదు. లివరు మాదే. బిగించిన వారానికే ఫోను చేశాడు. ఆటోథ్రాటిల్ వేస్తే అయిదు నిమిషాలు తిరగకుండా గంట మోగి అది దానంతట అదే ఊడి, ఆగిపోతోందట.

అలా ఊడడానికి కారణం ఒకటే ఉంటుంది. పైలట్ చేత్తో లివరు కదిపితే, ఇక తనే నడుపుతానంటున్నాడని కంప్యూటర్ తప్పుకుంటుంది. అది మంచి ఏర్పాటే. కానీ నాగరాజప్ప, లివరును వేలితో కూడా తాకలేదని అమ్మవారి మీద ఒట్టేసి చెప్తున్నాడు.

వెళ్లాను. మూడు గంటలు నడిపి చూశాను. ఒక్కసారి కూడా ఊడలేదు. వాళ్లింట్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని హిందూపురం వచ్చేశాను. మర్నాడు పొద్దునే ఫోను, మళ్లీ ఊడిపోతోందని. ఆ తర్వాతి నెల వెళ్లాను. మళ్లీ మూడు గంటలు, మళ్లీ బజ్జీ, యంత్రం బుద్ధిగా నడిచింది. మర్నాడు మళ్లీ ఫోను. మా మేనేజరు శేషగిరి, నాగరాజప్పకు నీ మీద ఇష్టం ఎక్కువై పిలుస్తున్నట్టున్నాడు అని ఎగతాళి చేశాడు. నాకు మాత్రం మతిపోయింది. నన్ను చూస్తే బాగుపడి, నా వీపు చూస్తే చెడిపోయే యంత్రాన్ని నేనెక్కడా చూడలేదు.

మూడోసారి వెళ్లినప్పుడు నేనే నోరు జారాను. మీ మోచెయ్యి తగులుతోందేమో చూసుకోండి, మీకు తెలియకుండానే కదుపుతున్నట్టున్నారు అన్నాను. ఆయనకు కోపమొచ్చింది. ఆసామి కోపంగా మెట్లు దిగుతుంటే నేను వెనకాలే దిగాను. కింద గోడ దగ్గర ఆయన తల్లి, అందరూ అవ్వ అని పిలిచే ముసలామె, కండెలకు దారం చుట్టుకుంటూ కూర్చుంది. ఆమే అంది.

“ఏమప్పా, నువ్వొచ్చేది ఎప్పుడూ అమావాస్య నాడే. అమావాస్యకు మగ్గాలు ఆడవు కదా. మగ్గాలు ఆడేటప్పుడు వచ్చి చూడు. పైన చెంబులో నీళ్లు కూడా వణుకుతాంటాయి.”

అమావాస్య రోజు నేతపనివాళ్లు మగ్గం ముట్టరు. ఆ రోజే నాగరాజప్పకు తీరిక. తీరిక ఉన్నరోజే నన్ను పిలిచేవాడు. నేనూ ఈ జిల్లావాణ్ణే, అమావాస్యకు మగ్గాలు నిలుపుతారని నాకు తెలియదా? తెలుసు. అయినా తట్టలేదు. మర్నాటి దాకా ఆగి చూశాను. కింద ఎనిమిది మగ్గాలూ మొదలుకాగానే తెర మీద లివరు అంకెలు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. కంటికి లివరు నిశ్చలంగానే ఉంది. లోపల, పాత రేడియో వాల్యూము నాబులాంటి చిన్న భాగం ఉంటుంది, అది అదిరిపోతోంది. ఎవరో లివరు కదుపుతున్నారనుకుని కంప్యూటర్ తప్పుకుంటోంది.

సరైన మరమ్మతు ఏమిటంటే, స్టాండు కింద రబ్బరు దిమ్మలు పెట్టాలి, లోపలి భాగం మార్చాలి. రెండు రోజుల పని. మూడు నెలలు తిరిగి విసిగిపోయిన నేను పది నిమిషాల పని చేశాను. ఆటోథ్రాటిల్ నడుస్తున్నంతసేపు లివరు వైపు చూడనే చూడొద్దని ప్రోగ్రాములో సెట్టింగ్ మార్చేశాను. లివరు అదిరినా, ఎవరైనా చేత్తో కదిపినా, కంప్యూటర్ పట్టించుకోదు; తీసేసేటప్పుడు ఎగరకుండా కుదిర్చిన జత కూడా దాంతో పోతుంది. గంట మోగడం ఆగిపోయింది. నాగరాజప్ప సంతోషపడి మా ఇంటామెకు పట్టు రవికె గుడ్డ పెట్టి పంపాడు.

శేషగిరి లెక్క

మా మేనేజరు శేషగిరి గురించి ఒక మాట. చెడ్డవాడు కాదు. వాడుకదారుతో మాట్లాడడంలో ఆయన్ను మించినవాడు లేడు, కన్నడమా తెలుగా అని చూడకుండా ఎదుటివాడి మాటలోనే బదులిచ్చేవాడు. కానీ ఎందుకు అన్న మాట ఆయనకు గిట్టదు. ధర్మవరం సంగతి విని, ఆ సెట్టింగ్ అన్నింటికీ పెట్టేయ్ అన్నాడు. మగ్గాలు లేనిచోట దాని అవసరం లేదని నేను నసిగాను.

“రామచంద్రా, ధర్మవరం నుంచి ఫోను మోగుతాండాదా?” అన్నాడు.

“లేదు సార్.”

“మోగలేదంటే బాగుండాదని లెక్క. పెట్టేయ్.”

అప్పటినుంచి మా వర్క్‌షాపులో దాన్ని ధర్మవరం సెట్టింగ్ అనేవారు. నా తప్పుకు ఊరి పేరు పెట్టి, ఊరికి అపకారం చేశాం. నిజం చెప్పాలంటే నేనేమీ గట్టిగా కాదనలేదు. నేను కనిపెట్టింది అన్నిచోట్లా వాడుతున్నారంటే లోపల సంతోషంగానే ఉండేది. కొత్తవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోండి. ఫోను మోగకపోవడానికి పని బాగుండడం ఒక కారణం. వాడేవాడికి తప్పు తెలియకపోవడం ఇంకో కారణం. ఈ రెండింటినీ ఎలా విడదీసి చూడాలో నాకు ఇప్పటికీ సరిగ్గా చేతకాదు.

పెనుకొండ గది

విమానాలు నడిపి రిటైరైన ఒక కెప్టెన్ పెనుకొండ దగ్గర తోట కొనుక్కుని, హైవే పక్కన ఒక మేడ మీద సాధన గది పెట్టారు. లైసెన్సు వచ్చి, విమాన కంపెనీల పరీక్ష కోసం ఎదురుచూసే పిల్లలు అక్కడికి వచ్చేవాళ్లు. బెంగళూరులో అయితే అంత డబ్బు పెట్టి అంతసేపు సాధన చేయడం అందరివల్లా కాదు. అక్కడి లివర్లు మావే, సెట్టింగ్ ధర్మవరానిదే.

వాళ్లలో మంజుల అనే అమ్మాయిది రొద్దం దగ్గర పల్లె. తండ్రి హనుమంతప్పకు కొంచెం మెట్ట చేను, గొర్రెలు. ఆ పిల్ల చదువులో గట్టిది, ప్రభుత్వ సాయంతో పైలట్ చదువు చదివింది, తక్కువ మాట్లాడేది. నేను సర్వీసుకు పోయినప్పుడల్లా ఏమ్మా అంతా బాగుందా అంటే, తల ఊపి ఊరుకునేది. ఒకరోజు మాత్రం తనే వచ్చి అడిగింది. దిగేముందు ఆటోథ్రాటిల్ తీసేయగానే విమానం ఒక్కసారిగా దూకుతోంది, లేకపోతే చతికిలబడుతోంది, ఏం చేయాలి అని.

ఏం చేయాలో నాకు తెలుసు. ఆ సెట్టింగ్ తీసేసి, లివరును ఇంజనుతో సరిగా జత కుదర్చాలి. రోజంతా పడుతుంది. అప్పుడు సాయంత్రం బస్సు టైమైంది. అందుకని ఒక ఉపాయం చెప్పాను. దిగేటప్పుడు ఇంజను బలం మామూలుగా ఎంత ఉంటుందో లివరు పక్కన ఒక గుర్తు పెట్టుకో, ముందు లివరును ఆ గుర్తు దగ్గరికి తెచ్చి, తర్వాత ఆటోథ్రాటిల్ తీసేసే మీట నొక్కు, దూకదు అన్నాను. గుర్తుకు ఏం పెట్టాలని అటూఇటూ చూసింది. సంచిలోంచి స్టిక్కర్ బొట్ల అట్ట తీసి, ఒక మెరూన్ బొట్టు లివరు పక్కన అంటించింది. నొక్కి చూసింది. విమానం వెన్నలా దిగింది.

ఆరోజు నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. తర్వాతి వారానికి గదిలో ఉన్న మూడు లివర్ల పక్కనా బొట్లు వచ్చాయి. మగపిల్లలు కూడా అడిగి తీసుకుని పెట్టుకున్నారు.

మరి కెప్టెన్ గారు చూడలేదా అంటారు. చూశారు. ఆయన జీవితమంతా నడిపింది లివరు కదలని రకం విమానం. లివరును గాడిలో పెట్టి వదిలేయడమే ఆయనకు తెలుసు. కాబట్టి మా లివర్లు కదలకపోవడం ఆయనకు వింతగా అనిపించలేదు, బొట్టు చూసి గాడికి గుర్తు పెట్టుకున్నారు కాబోలు అనుకున్నారట. పిల్లలు సాధన చేస్తున్నది లివరు కదిలే రకం విమానం. ఒకే బొట్టు, ఆయనకు ఒకలా, మంజులకు ఒకలా కనబడింది. నాకైతే నా తెలివిలా కనబడింది.

మంజుల బెంగళూరులో కంపెనీ పరీక్షకు వెళ్లింది. అక్కడిది పెద్ద సిమ్యులేటర్, మోటారుతో కదిలే లివర్లు. మూడోరోజు ఆమె నుంచి ఫోను వచ్చింది. ఏడవలేదు, గొంతు మామూలుగానే ఉంది.

“సార్, పరీక్ష పోయింది. దిగేటప్పుడు లివరు ఎంతలో ఉండాల్నో ఆడికే వచ్చి ఉండాది. నేనే దాన్ని తీసి బొట్టు కాడికి పెట్టినా. ఆడ బొట్టు లేదు సార్. అయినా చెయ్యి ఆడికే పోయింది.”

ఆరోజు పరీక్షలో ఎదురుగాలి ఎక్కువ పెట్టారట. ఇంజనుకు మామూలు కంటే ఎక్కువ బలం కావాలి. ఆటోథ్రాటిల్ లివరును సరైన చోటికి తెచ్చిపెట్టింది. ఈమె దాన్ని పెనుకొండ బొట్టు ఉండే చోటికి లాగి, మీట నొక్కింది. వేగం పడిపోయింది. పరీక్షించేవాడు తనే పట్టుకుని నడిపి, లివరుతో కొట్లాడుతోంది అని రాశాడట. లివరు కదులుతుందని ఆమెకు తెలియక కాదు, పుస్తకంలో చదివింది. తలకు తెలిసింది చేతికి తెలియలేదు. ఆరు నెలల తర్వాత ఇంకొక్క అవకాశం ఇస్తారు. అందులోనూ పోతే ఆ కంపెనీ మళ్లీ పిలవదు. అది పోతే బి.ఎడ్.లో చేరిపోతానని ఇంట్లో చెప్పేసిందట.

ఫోను పెట్టాక లెక్క వేసుకోవడం మొదలుపెట్టాను. తప్పు ఎవరిది? బొట్టు పెట్టుకోమన్నది నేను. సెట్టింగ్ అన్నింటికీ పెట్టమన్నది శేషగిరి. చూసీ పోల్చుకోనిది కెప్టెన్. చెయ్యి ఆమెది. మగ్గాల దాకా పోతే దీనికి అంతే లేదు. ఎటునుంచి మొదలుపెట్టినా చివరికి నా పది నిమిషాల పని దగ్గరికే వచ్చేది, అంతలోనే ‘అయినా ఆమె చూసుకోవద్దా’ అని లోపల ఇంకో గొంతు లేచేది. ఆ రెండో గొంతు మీద నాకు అసహ్యం వేసింది.

శేషగిరికి చెప్పాను. ఎవరికీ నోరు విప్పొద్దన్నాడు. పిల్లలు పరీక్షల్లో పోతూనే ఉంటారు, ప్రతిదానికీ మన లివరు కారణమా అన్నాడు. అందులో అబద్ధమూ లేదు. అదే నన్ను ఇంకా గజిబిజి చేసింది.

రొద్దం బస్సు

ఆదివారం పెనుకొండలో రొద్దం బస్సెక్కాను. చెప్పాలా వద్దా అని దారంతా తేల్చుకోలేదు. వాళ్ల ఇంటి ముందర హనుమంతప్ప, ఆయన భార్య వేరుశనగ కాయలు ఒలుస్తున్నారు. పట్నం నుంచి సార్ వచ్చాడని మంచం వాల్చారు. కూతురికి ధైర్యం చెప్పడానికి వచ్చాననుకున్నట్టున్నారు.

కాయల గంప మీద చెయ్యి పెట్టి, ఇది లివరనుకోండి అంటూ మొదలుపెట్టాను. ధర్మవరం మగ్గాలు, సెట్టింగ్, బొట్టు, అన్నీ చెప్పాను. హనుమంతప్ప శ్రద్ధగానే విన్నాడు. ఎంత అర్థమైందో తెలియదు. చివరికి ఒక్కటే అడిగాడు.

“అంటే సార్, తప్పు మా పాపది కాదంటావా?”

“అంతా ఆమెది కాదు” అన్నాను.

“మరి ఎంత?”

గొర్రెల్ని లెక్కపెట్టే మనిషి, ఎంత అని అడిగితే ఎంతో చెప్పాలి. నేను గంపలోంచి ఒక కాయ తీసి ఒలిచాను.

వాకిట్లో నిలబడ్డ మంజుల అంది, “నాయనా, ఆయన్ని అడగొద్దు. లోపలికి పోకముందు ఆ పరీక్ష సారు, ఏమన్నా అడగాల్నా అన్నాడు. ఏమీ లేదన్నా. లివరు సంగతి అడగాలనిపించింది. అడిగితే ఇంత కూడా తెలీదా అనుకుంటారని అడగలా.”

ఆ మాటతో, చేరిన కొత్తలోని నా రెండు రోజులూ గుర్తుకొచ్చాయి. విప్పిన లివరు, పక్క గదిలో టీ తాగుతున్న ఇంజనీరు, మింగేసిన ప్రశ్న, ఊరికే విప్పానన్న అబద్ధం. మా ఇంటామెకు కూడా చెప్పని సంగతి, ఆ కాయల గంప ముందర కూర్చుని చెప్పాను. మంజుల మొదటిసారి నవ్వింది. రెండు రోజులా సార్ అంది. రెండు రోజులే అన్నాను. హనుమంతప్ప కూడా నవ్వాడు కానీ, ఆయన అడిగినదానికి బదులు మాత్రం నేను బాకీ పడే లేచాను.

మగ్గం తాడు

అప్పటికి నా రిటైర్మెంటుకు నాలుగు నెలలు. మోటారు లివరు ఒకటి చేయనివ్వమని శేషగిరిని అడిగాను. కంపెనీ పని కాదన్నాడు. ఆదివారాలు చేసుకుంటానంటే ఊరుకున్నాడు. ధర్మవరం నాగరాజప్ప మేడ మీద గది ఇచ్చాడు. పాత కారు వైపరు మోటారు ఒకటి తెచ్చి, దానికీ లివరుకూ మధ్య తాడు కట్టాలి. చేత్తో ఆపితే జారాలి, వదిలితే లాగాలి. నాలుగు రకాల తాళ్లు కట్టి చూశాను, తెగేది తెగింది, బిగిసేది బిగిసింది. అవ్వ కింది నుంచి మగ్గానికి కట్టే తాడు ఒకటి పంపింది. అది నిలిచింది.

చూడడానికి అంత అసహ్యమైన యంత్రం మా వర్క్‌షాపులో ఎప్పుడూ తయారు కాలేదు. కదిలేటప్పుడు కీచుమనేది. కానీ ఆటోథ్రాటిల్ వేస్తే దానంతట అది కదిలేది. దాన్ని పెనుకొండ తీసుకుపోయి బిగించాను, ధర్మవరం సెట్టింగ్ పీకేశాను. కెప్టెన్ గారు మొదట కూర్చుని లివరు మీద చెయ్యి వేశారు. అది కదలగానే ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నారు. అప్పుడు సంగతంతా చెప్పాను. ఆయన ఆ బొట్టును వేలితో తడిమి, నేను గాడి అనుకున్నానయ్యా అన్నారు. నాలాగే ఆయనా సిగ్గుపడ్డారు. పెద్దవాళ్లు ఇద్దరం సిగ్గుపడుతూ నిలబడితే, మంజుల వచ్చి కుర్చీలో కూర్చుంది.

రెండున్నర నెలలు ఆ కీచులివరు మీదే సాధన చేసింది. మొదటి వారం చెయ్యి బొట్టు దగ్గరికే పోయేది. బొట్టు గీకేసినా పోయేది. తర్వాత తర్వాత లివరు మీద చెయ్యి తేలికగా ఆనించి, అది ఎటు పోతే అటు పోనిచ్చేది. ఇంజను అంకెల వైపు చూడు, లివరు వైపు కాదు అని నేను పక్కనుంచి నస పెడుతూనే ఉన్నాను. పైలట్‌కు పాఠం చెప్పే అర్హత నాకేముంది? అయినా చెప్పాను.

ఆమె అడిగిన ప్రశ్న

రెండో పరీక్ష నాటికి నేను ఇంట్లో ఉన్నాను, ఉద్యోగం అయిపోయింది. ఆరోజంతా ఫోను చేత్తో పట్టుకునే తిరిగాను. ఫోను మోగకపోతే బాగున్నట్టు అన్న శేషగిరి లెక్క ఆరోజు నాకు పనికిరాలేదు. మోగలేదు. మర్నాడు మధ్యాహ్నం, తండ్రితో కలిసి ఆమే హిందూపురం మా ఇంటికి వచ్చింది. గేటు తీస్తున్నప్పుడే మొహం చూసి గట్టెక్కిందని తెలుసుకున్నాను. హనుమంతప్ప ఒక చిన్న మూటలో వేరుశనగ కాయలు తెచ్చాడు. మా ఇంటామె లోపలికి పరుగెత్తి చక్కెర తెచ్చింది. నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు.

అయితే మోటారు లివరు పనికొచ్చిందన్నమాట అన్నాను. ఆ గర్వం కొంచెం ఎక్కువగానే వినిపించి ఉంటుంది.

మంజుల ముందు తండ్రి వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది. ఆరోజు ఆ పెద్ద సిమ్యులేటర్ చెడిపోయిందట. నాలాంటివాడెవడో దాన్ని విప్పి పరుచుకుని కూర్చుని ఉంటాడు. పక్కనున్న ఇంకో యంత్రంలో పరీక్ష పెట్టారు. అది లివరు కదలని రకం. గాడిలో పెడితే అక్కడే ఉంటుంది. రెండున్నర నెలల కీచులాట, వైపరు మోటారు, మగ్గం తాడు, ఏదీ అక్కడ అక్కరకు రాలేదు.

మరి ఎలా గట్టెక్కావమ్మా అన్నాను. నాకు నిజంగానే అర్థం కాలేదు.

“లోపలికి పోకముందు, ఏమన్నా అడగాల్నా అన్నాడు సార్ ఆ పెద్దాయన. ఈసారి అడిగినా. ‘సార్, ఈ లివరు దానంతట అది కదలాల్నా, కదలకూడదా? నా చెయ్యి ఇంకోదానికి అలవాటు పడి ఉండాది’ అన్నా. ఆయన చేతిలో పెన్ను కింద పెట్టి, పది నిమిషాలు ఊరికే నడిపి చూసుకో, తర్వాతే మొదలుపెడతా అన్నాడు. అంతే సార్.”

అంతేనా అన్నాను. అంతే అంది.

ఆ పది నిమిషాలు ఆమెకు నేనిచ్చానా, నా తాడు ఇచ్చిందా, నా తప్పు ఇచ్చిందా, లేక ఎవరూ ఇవ్వకుండా తనే తీసుకుందా అని ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఒక్కటి మాత్రం తేలింది. పద్దెనిమిదేళ్ల కిందట పక్క గదిలో టీ తాగుతున్న ఇంజనీరును నేను అడగాల్సిన ప్రశ్న అదే. ఒక్క మాట తేడా లేకుండా, రొద్దం పిల్ల నా బదులు అడిగేసి వచ్చింది.